ఒస్పీనా ఇంజన్లో సింహం

మా లా కుంబ్రేరా చరిత్ర రాయదలుచుకున్నవాడికి మూడు తేదీలు చాలు. మొదటిది, గొడ్డళ్ళూ దుప్పట్లూ మోసుకొచ్చిన ఎనిమిది కుటుంబాలవాళ్ళు ఈ కొండ వెన్ను మీద అడవి నరికి, అలిసిపోయి, ఇంక ముందుకు నడవలేక ఇదే ఊరు అనుకున్న రోజు. రెండోది, 1999 జనవరిలో భూమి కంపించి, చర్చి గంట ఎవరూ తాడు లాగకుండానే మోగి, ఆ వెంటనే గోపురంతో సహా కిందికి దిగివచ్చిన రోజు. మూడోది, 1981 ఆగస్టు ఒకటి, శనివారం. ఆ పొద్దున్న ఆరు గంటలకి గిల్దార్దో ఒస్పీనా తన జీపు బానెట్ ఎత్తి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, సింహం బొమ్మ ఉన్న చిన్న రేకు డబ్బాలోని ఆయిల్ మందును ఇంజన్లోకి వంచాడు.

మొదటి రెండు తేదీలకీ ఊరి చౌకులో రాతి ఫలకాలున్నాయి. మూడోదానికి ఫలకం లేదు.

కానీ ఆచారం మాత్రం నిలిచింది. ప్రతి నెలా మొదటి శనివారం, అదే వేళకి, అదే చోట, టోపీ తీసి, ఒక డబ్బా. ముప్పై ఎనిమిదేళ్ళు. భూకంపం సోమవారం వచ్చింది కాబట్టి దీనికి భంగం కలగలేదు. ఆయన కూతురి పెళ్ళి మొదటి శనివారమే పడింది. పెళ్ళికూతురిని చర్చికి తీసుకెళ్ళాల్సింది ఆ జీపే కనక ఆ పొద్దున్న ఇద్దరికీ అలంకారం జరిగింది. ముందు జీపుకి జరిగిందని పెళ్ళికూతురు ఇప్పటికీ అంటుంది.

ఎల్ సిలెన్సియో పల్లెలో బడి పంతులుగా ఉన్న పదకొండేళ్ళూ నేను ఆ జీపులోనే కొండెక్కి దిగాను. అందుచేత ఇక్కడ రాస్తున్నవాటిలో చాలాభాగం నా కళ్ళతో చూసినవే. మిగతావి ఊరంతా చూసినవి.

గిల్దార్దో పొట్టి మనిషి. గుండ్రటి పొట్ట, స్టీరింగు చక్రం దాన్ని ఆనుకుని తిరిగేది. చౌకులో మా పల్లెల జీపులు పదకొండు వరసగా నిలబడతాయి. ఆయనది నాలుగో నంబరు. ఆ నంబరు వాళ్ళ నాన్నది, జీపూ వాళ్ళ నాన్నదే, యాభై నాలుగు నాటిది. జీపులో ఎనిమిదిమందికి చోటు. పదహారుమంది వెళ్ళేవాళ్ళు. వెనక మెట్టు మీద నిలబడ్డవాళ్ళు లెక్కలోకి రారని, కమ్మీ పట్టుకుని గాలిలో వేలాడేవాళ్ళు అసలు ప్రయాణికులే కారని ఆయన సిద్ధాంతం. మనుషుల మీద కాఫీ బస్తాలు, బస్తాల మీద అరటి గెలలు, గెలల మీద కోళ్ళ గంప. ఒకసారి ఒక విధవరాలి ఇల్లు మొత్తం, మంచాలతో, పొయ్యితో, నిలువుటద్దం ఉన్న బీరువాతో సహా ఒక్క విడతలో కొండెక్కించాడు. అద్దం వెనక్కి తిరిగి ఉండటంతో దారి పొడుగునా వెనకొచ్చే జీపు డ్రైవరుకి తన మొహమే ఎదురొచ్చింది. బెదిరిపోయి ఆ పూటకి బండి ఆపేశాడు.

చౌకులో నంబరంటే మాటలు కాదు. అది చచ్చేదాకా ఉంటుంది, చచ్చాక కొడుక్కో అల్లుడికో వస్తుంది. బతికుండగా నంబరు పోయినవాణ్ణి ఒకణ్ణి మేం చూశాం. మనిషి పోయినట్టే లెక్క. కాకపోతే శవం రోజూ వచ్చి కాఫీ కొట్టు అరుగు మీద కూర్చుని, పోయే జీపులు లెక్కపెడుతుంది.

ఇక ఒతోనియెల్. చౌకు వెనక సందులో మెకానిక్. ఎండుకొయ్యలాంటి మనిషి, గోళ్ళలో నలభై ఏళ్ళ గ్రీజు. ఇతనూ గిల్దార్దో చిన్నప్పటినుంచి ఒకే కంచంలో తిన్నవాళ్ళు, ఒరే అంటే ఒరే అనుకున్నవాళ్ళు. ఎనభై మూడులో గిల్దార్దో కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు బిడ్డను చేతుల్లో పట్టుకున్నది ఒతోనియెల్. ఆ క్షణం నుంచి, బిడ్డకి తండ్రీ జ్ఞానతండ్రీ కాబట్టి, ఇద్దరూ ఒకరికొకరు కొంపాద్రేలు అయిపోయారు. కొంపాద్రేని మా వైపు నువ్వు అనకూడదు, అరవకూడదు, చెయ్యి ఎత్తకూడదు. దాంతో ముప్పై ఆరేళ్ళుగా వాళ్ళ తిట్లన్నీ గౌరవ వాచకంలోనే నడుస్తున్నాయి.

"కొంపాద్రే, తమరి బుర్రలో మడ్డి పేరుకుపోయిందండీ. ముందు అక్కడ పోసుకోండి ఆ సింహాన్ని" అని ఒతోనియెల్ అనేవాడు.

"తమరు నోరు మూసుకుంటే ఎంత బాగుంటుందో చూడాలని ఉంది కొంపాద్రే" అని గిల్దార్దో వినయంగా జవాబిచ్చేవాడు.

తగాదా మొదలైంది ఎనభై ఒకటి కాఫీ సంతలో. తెల్లచొక్కా వేసుకున్న అమ్మకందారు ఒకడు బల్ల మీద చిన్న ఇనప చక్రం పెట్టి తిప్పాడు. దాని మీద మామూలు ఆయిల్ పోసి ఒక మేకు ఆనించి నొక్కితే చక్రం కీచుమని అరిచి ఆగిపోయింది. ఆయిల్లో సింహం డబ్బాలోని జారుడు మందు కలిపి పోసి నొక్కితే కిక్కురుమనకుండా తిరిగింది. గిల్దార్దోకి అప్పుడు పాతికేళ్ళు, జీపు చేతికొచ్చి రెండేళ్ళు. అమ్మకందారు కళ్ళలోకి చూశాడు, డబ్బా మీద సింహం కళ్ళలోకి చూశాడు, కొన్నాడు.

పక్కనే ఉన్న ఒతోనియెల్ ఒకే ప్రశ్న అడిగాడు. "మరి నీ ఇంజన్లోకి దూరి చక్రానికి మేకు ఆనించి కూర్చునేవాడెవడ్రా?" అది ఒరే అనుకునే రోజుల్లో మాట.

ఒతోనియెల్ వాదన చిన్నదే. ఆయిల్ తయారుచేసినవాడు అందులో వెయ్యాల్సినవన్నీ తనే వేసి పంపుతాడు. మురికిని విడగొట్టేది వేస్తాడు, అరుగుదల తగ్గించేది వేస్తాడు, నురగ రాకుండా చేసేది వేస్తాడు. దేనికెంతో కొలిచి వేస్తాడు. దాంట్లో మనం ఇంకో డబ్బా పొయ్యడమంటే, పొరుగింటావిడ వండి పంపిన సంకోచో పులుసులో రుచి చూడకుండా ఇంకో గుప్పెడు ఉప్పు వెయ్యడమే.

"మరి నా ఇంజన్ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా విప్పారా? చెప్పండి" అనేవాడు గిల్దార్దో.

అదే ఒతోనియెల్ గుండెలో ముల్లు. వరసలోని పది జీపుల ఇంజన్లూ అతని బల్ల మీద కనీసం రెండేసి సార్లు పరుచుకున్నాయి. నాలుగో నంబరు ఒక్కటే అతని చేతికి చిక్కలేదు. ఆ బానెట్ ఎత్తి ఉన్నప్పుడల్లా అటుగా నడిచేవాడు, జేబులో డబ్బుల్లేని మనిషి మిఠాయికొట్టు ముందు నడిచినట్టు.

ఇలా ఉండగా రెండువేల పంతొమ్మిది జూన్లో మునిసిపాలిటీవాళ్ళు చర్చి గోడకి ఒక నోటీసు అంటించారు. ఊరికి ఈమధ్య ఫొటోలు తీసుకునేవాళ్ళు వస్తున్నారు, వాళ్ళకి రంగు బాల్కనీలు కావాలి, పాత జీపులు కావాలి, పాత జీపుల పొగ మాత్రం అక్కర్లేదు. జూలై ఇరవై మూడున జిల్లా కేంద్రం నుంచి తనిఖీ అధికారి వస్తాడు. నీలిపొగ వదిలే జీపుకి చౌకులో నంబరు రద్దు.

నోటీసు చదివినవాళ్ళంతా తలలు తిప్పి నాలుగో నంబరు వైపు చూశారు. ఎందుకంటే సింహాన్ని మింగిన ఆ జీపు, ఆ ఏడాది ఈస్టరు నుంచి, మెట్ట ఎక్కేటప్పుడు వెనక నుంచి సన్నగా, నీలంగా, చర్చిలో సాంబ్రాణిలా పొగ వదులుతోంది.

"పొగ కాదు, పొద్దుటి మంచు" అన్నాడు గిల్దార్దో.

"మధ్యాహ్నం రెండింటికి మంచేమిటయ్యా?" అంది భార్య రోసాల్బా. ఆవిడ చౌకు మూలన అరేపాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, కాల్చి అమ్మేది. జీపు వచ్చేదీ పోయేదీ ఆవిడ పొయ్యి ముందునుంచే. "నా అరేపాలు నీలంగా అవుతున్నాయి. కొనేవాళ్ళు వాసన చూసి పెడుతున్నారు."

ఆ నెల గిల్దార్దో ఒకటికి బదులు రెండు డబ్బాలు పోశాడు. నాలుగు రోజులు పొగ తగ్గింది. తగ్గిందని ఊరంతా చాటాడు. ఒతోనియెల్ వచ్చి, ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల బయటికి లాగి, వేళ్ళ మధ్య రాసి చూశాడు.

"తేనెలా చిక్కబడిందండీ. చిక్కటి ఆయిల్ సందుల్లోంచి తొందరగా జారదు, అందుకని పొగ తగ్గింది. రోగం తగ్గలేదు, దుప్పటి కప్పారు. పిస్టన్ రింగులు అరిగిపోయాయి కొంపాద్రే. విప్పాలి. మూడు రోజుల పని."

"విప్పనివ్వను."

"నంబరు పోతుంది."

"మా నాన్న నా చేతికిచ్చినప్పుడు ఈ ఇంజన్ మూసి ఉంది. మూసే ఉంటుంది."

"నంబరు పోతే ఆ మూసి ఉన్న ఇంజన్ని ఏం చేస్తారు? ముందుగదిలో పెట్టి పూలమాల వేస్తారా?"

గిల్దార్దో టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. కానీ ఆ వారమంతా కొండెక్కేటప్పుడు ఆయన దారి చూడలేదు, అద్దంలో వెనక్కే చూశాడు. నీలిగీత ఒకటి మా వెంట వస్తూనే ఉంది. మా పల్లె మలుపు దగ్గర ఒకసారి, అడక్కుండానే, నాతో అన్నాడు: "పంతులుగారూ, నాకు అరవై మూడు. జీపు నడపడం తప్ప చేతనైంది ఒక్కటే, జీపులో కూర్చోవడం."

జూలై పదహారు కార్మెన్ మాత పండగ. డ్రైవర్ల తల్లి ఆవిడ. ఆ రోజు మా దేశంలో చక్రం ఉన్న ప్రతి వస్తువూ హారను మోగిస్తుంది, హారను లేనివి గంట కొడతాయి. జీపులకి బెలూన్లు, కాగితం పూలు, అరటి ఆకులు కట్టి చౌకు చుట్టూ తిప్పుతారు. ఫాదర్ లెయోనిదాస్ చర్చి మెట్ల మీద నిలబడి, వచ్చిన ప్రతి బండి బానెట్ మీదా ఆశీర్వాద జలం చిలకరిస్తాడు. చిలకరిస్తాడనేది మర్యాదకోసం వాడిన మాట. ఫాదర్ గారిది ధారాళమైన చెయ్యి. వెండి గిన్నె, చిన్న కుంచె ఆయనకి చాలవు. ఆయన వాడేది ఒక బకెట్టు, సున్నం వేసే కుంచె, మధ్యలో ఉత్సాహం వస్తే ఒక చెంబు.

నాలుగో నంబరు మెట్ల ముందుకి వచ్చింది. గిల్దార్దో దిగి, టోపీ తీసి, బానెట్ ఎత్తాడు. ఆయిల్ పోసే గొట్టం మూత కూడా తీశాడు.

"అదెందుకు గిల్దార్దో?" అన్నాడు ఫాదర్.

"రోగం బయట లేదు ఫాదర్. లోపల ఉంది."

ఫాదర్ గారు ఒక్క క్షణం ఆలోచించాడు. వేదాంతపరంగా ఆయనకి అభ్యంతరమేమీ కనపడలేదు. కుంచె పక్కన పెట్టి చెంబు అందుకున్నాడు.

ఊరంతా చూస్తుండగానే జరిగిందిది. హారన్ల మోతలో, టపాకాయల మధ్య, పదకొండు జీపుల డ్రైవర్లు, వాళ్ళ భార్యలు, బ్యాండువాళ్ళు, నేను, అందరం చూశాం. ఎవరికీ ఏమీ అనిపించలేదు. చాలామంది శిలువ గుర్తు వేసుకున్నారు. ఆరో నంబరువాడు తనకి ఈ ఆలోచన రానందుకు భార్య చేత చీవాట్లు తిన్నాడు. ఒతోనియెల్ మాత్రం అక్కడ లేడు. పండగ రోజున అతను బండ్ల మొహం చూడడు.

మూత బిగించి గిల్దార్దో చౌకు చుట్టూ మూడు చుట్లు తిప్పాడు. ఆపైన ఎల్ సిలెన్సియో దాకా వెళ్ళి వచ్చాడు.

మర్నాడు పొద్దున్న, రోజూలాగే, బండి తియ్యబోయేముందు ఆయిల్ పుల్ల లాగి చూశాడు. పుల్లకి నల్లటి ఆయిల్ లేదు. పాలు ఎక్కువైన కాఫీలాంటిది, పైన మీగడతో సహా, అంటుకుని ఉంది.

నాలుగో నంబరు జీపును నలుగురు డ్రైవర్లు చేత్తో తోసుకుంటూ సందులోకి తీసుకెళ్ళారు. ఒతోనియెల్ పుల్ల చూశాడు. దీపం దగ్గరగా పెట్టి మళ్ళీ చూశాడు. అతని మొహంలో దుఃఖం పూర్తిగా నిలవలేదు.

"ఆయిల్లో నీళ్ళు కలిశాయి కొంపాద్రే. హెడ్ గ్యాస్కెట్ పోయింది, రేడియేటర్ నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. ఇలా ఇంకో కొండ ఎక్కిస్తే బేరింగులు నమిలేస్తుంది. తరవాత నేనూ ఏం చెయ్యలేను, మీ సింహమూ ఏం చెయ్యలేదు." అలవాటు కొద్దీ అడిగాడు: "మీరుగానీ ఎక్కడైనా నీళ్ళు పోశారా?"

"రేడియేటర్లో తప్ప చుక్క నీళ్ళు పొయ్యలేదు" అన్నాడు గిల్దార్దో.

ఆయన అబద్ధం ఆడలేదు. తోసుకొచ్చిన నలుగురూ తలలూపారు. వాళ్ళూ నిజమే చెప్పారు. నేను కూడా ఊపాను.

రేడియేటర్ మూత తీసి నీళ్ళు తగ్గాయో లేదో చూస్తే సరిపోయేది. ఆ పని ఒతోనియెల్ మిగతా పది జీపులకీ చేసేవాడే. కానీ ముప్పై ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన బానెట్ తనంతట తాను వచ్చి ఎదుట తెరుచుకున్నప్పుడు మనిషి మూతలు చూస్తూ కూర్చోడు.

"విప్పమంటారా?" అన్నాడు, పాన చేతిలోకి తీసుకుని.

గిల్దార్దో టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తనిఖీకి ఇంకా ఆరు రోజులున్నాయి.

"విప్పండి. కానీ ఎవరైనా అడిగితే కడిగించామని చెప్పాలి."

ఇంజన్ విప్పుతున్నారన్న కబురు అరగంటలో ఊరు దాటింది. సందు నిండిపోయింది. సింహాన్ని నమ్మేవాళ్ళు గిల్దార్దో పక్కన, నమ్మనివాళ్ళు ఒతోనియెల్ పక్కన, ఎటు గెలిస్తే అటు చేరదామనుకున్నవాళ్ళు మధ్యలో. రోసాల్బా పొయ్యితో సహా అక్కడికే వచ్చింది, ఆ గంటలో ఆవిడ అరేపాలు పండగ రోజుకంటే ఎక్కువ అమ్ముడుపోయాయి.

ఇంజన్‌కి పైకప్పులాంటి హెడ్ లేచింది. ఒతోనియెల్ గ్యాస్కెట్ తీసి వెలుతురుకి పట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. పగులు లేదు, చీలిక లేదు, చిరుగు లేదు.

"ఊఁ" అన్నాడు.

కింద ఆయిల్ తొట్టి దించాడు. మిగతా జీపుల తొట్టెల్లో అతను గరిటెతో గీకాల్సినంత నల్లటి మడ్డి ఉంటుంది. ఇక్కడ పాలకాఫీ కారిపోగానే అడుగున ఇనుము కనిపించింది. పెళ్ళివారింటి వంటపాత్రలా మెరుస్తోంది.

"చూశారా!" అని అరిచాడు గిల్దార్దో. "చూశారా, చూశారా, చూశారా!" సింహం పక్షం చప్పట్లు కొట్టింది.

"ఊఁ" అన్నాడు ఒతోనియెల్ మళ్ళీ. జీవితంలో మొదటిసారి ఒక ఇంజన్ అతనికి అర్థం కాలేదు. "గ్యాస్కెట్ బాగుంది. బ్లాకు బాగుంది. అయితే ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఆకాశం నుంచి దిగాయా?"

"నిన్న ఫాదర్ గారు పోసినవేమో" అంది రోసాల్బా, అరేపా తిరగేస్తూ.



"ఏం పోశాడు?" అన్నాడు ఒతోనియెల్.

"చెంబుడు. ఆ గొట్టంలోనే. ఈయనే మూత తీసి పట్టుకున్నాడు."

ఒతోనియెల్ పాన కింద పెట్టాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. వెళ్ళి రేడియేటర్ మూత తీసి చూశాడు. నిండుగా ఉంది. తిరిగొచ్చి గిల్దార్దో ముందు నిలబడ్డాడు.

"నీళ్ళు పొయ్యలేదన్నారు కొంపాద్రే."

"పొయ్యలేదు. అది ఆశీర్వాదం."

"ఆశీర్వాదం దేంతో చేస్తారండీ? కిరసనాయిలుతోనా?"

"తమరు బాప్తిస్మం పొందిన మనిషి, మా అమ్మాయికి జ్ఞానతండ్రి. పవిత్ర జలాన్ని పట్టుకుని నీళ్ళంటారా?"

"తమరు నలభై ఏళ్ళు ఇంజన్ పక్కన బతికిన మనిషి. మిమ్మల్ని పట్టుకుని డ్రైవరనమంటారా?"

ఇద్దరి మొహాలూ కందగడ్డలయ్యాయి. ఎనభై మూడుకి ముందైతే అక్కడ ఒకరి దవడ పగిలేదే. కొంపాద్రేలు కాబట్టి ఒకరికొకరు నమస్కారం పెట్టుకుని చెరో మూలకి వెళ్ళి నిలబడ్డారు. జనం మధ్యనుంచి ఫాదర్ గారు కూడా వచ్చి తొంగి చూశాడు. ఇంజన్ వైపు ఒకసారి, చెంబు పట్టిన తన చేతి వైపు ఒకసారి చూసుకుని, ఎక్కడో రోగి ఉన్నాడని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి ఒతోనియెల్ మళ్ళీ పాన పట్టాడు. విప్పింది విప్పినట్టే ఉంది. పిస్టన్లు లాగాడు. రింగులు అతను చెప్పినట్టే అరిగిపోయి, బొటనవేలితో వంచితే వంగుతున్నాయి. వాటిని తెచ్చి గిల్దార్దో అరచేతిలో పెట్టాడు. గిల్దార్దో కూడా ఒకదాన్ని వంచి చూశాడు. జిల్లా కేంద్రం నుంచి కొత్త రింగులు మొదటి బస్సులో వచ్చాయి. నాలుగో రోజు సాయంత్రానికి ఇంజన్ మూసుకుంది. కొత్త ఆయిల్ పోశారు. గిల్దార్దో జేబులోంచి సింహం డబ్బా తీశాడు.

"వద్దు" అన్నాడు ఒతోనియెల్. "కొత్త రింగులు గోడలకి రాసుకుని, ఒరుసుకుని, వాటి చోటు అవి చూసుకోవాలి. ఇప్పుడు జారుడు మందు పోస్తే అవి కూర్చోవు, మళ్ళీ పొగే. వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా సింహాన్ని గడప దాటనివ్వకండి."

"తనిఖీ రోజున కూడానా?"

"ముఖ్యంగా ఆ రోజున."

ఇద్దరూ రాజీపడ్డారు. డబ్బా జీపులోనే ఉంటుంది, మూత తియ్యకుండా, ముందు అద్దం దగ్గర, కార్మెన్ మాత బొమ్మ పక్కన.

జూలై ఇరవై మూడున తనిఖీ అధికారి వచ్చాడు. సన్నటి కుర్రాడు, చేతిలో అట్ట, అట్టకి కాగితం. ఒక్కో జీపును చర్చి పక్క మెట్ట ఎక్కించి, వెనక నిలబడి చూశాడు. ఒకటి, రెండు, మూడు అయ్యాయి. నాలుగో నంబరు మెట్ట మొదట్లో ఆగింది. గిల్దార్దో ముందు మాతకి దణ్ణం పెట్టాడు, తరవాత సింహానికి, తరవాత, ఎవరూ చూడటం లేదనుకుని, సందు మొగలో నిలబడ్డ ఒతోనియెల్‌కి. గేరు వేశాడు.

జీపు పైకెక్కింది. వెనక ఏమీ రాలేదు. అధికారి వంగి చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. గొట్టం వెనక రుమాలు పట్టుకుని చూశాడు. రుమాలు తెల్లగానే ఉంది. కాగితం మీద టిక్కు పెట్టి, తరవాతి జీపుని రమ్మని "ఐదు" అన్నాడు.

మెట్ట పైన జీపు ఆపి గిల్దార్దో వెంటనే దిగలేదు. స్టీరింగు మీద నుదురు ఆనించి కాసేపు ఉన్నాడు. దిగేటప్పటికి మామూలు గిల్దార్దోనే. "పొద్దుటి మంచు పోయింది" అన్నాడు.

ఆ వారం ఊళ్ళో వేరే మాట లేదు. మునుపు పొగ వదిలిన ఇంజన్ ఇప్పుడు పొగ వదలడం లేదంటే కారణమేమిటి? ఫాదర్ లెయోనిదాస్ ఆదివారం ప్రసంగంలో ఎవరి పేరూ చెప్పకుండా విశ్వాసం పర్వతాలను కదిలిస్తుందని, జీపులు వాటికంటే తేలికని సూచించాడు. సింహం పక్షంవాళ్ళు అద్దం దగ్గరున్న డబ్బాను చూపించారు. దాని మూత తీశారా అని ఎవరూ అడగలేదు, గిల్దార్దో చెప్పనూ లేదు. రింగుల మాట ఒతోనియెల్ ఎత్తితే, "విప్పలేదు కదా, కడిగించారటగా?" అని, విప్పుతుంటే చూసినవాళ్ళే అతని నోరు మూయించారు. కడిగించామనే చెప్తానని మాట ఇచ్చింది అతనే.

అయినా ఆ మెరిసే ఆయిల్ తొట్టి అతన్ని నిద్రపోనివ్వలేదు. జూలై ఆఖర్లో ఒక మధ్యాహ్నం కాఫీ కొట్టు అరుగు మీద గిల్దార్దో పక్కన వచ్చి కూర్చున్నాడు. నేను ఎదురుగా ఉన్నాను.

"కొంపాద్రే, ఒక మాట అడుగుతాను. కోప్పడకండి. ఆ డబ్బా మీద ఏం రాసుంటుంది?"

"తమరికి చదువొచ్చుగా."

"చెప్పండి."

గిల్దార్దో టోపీ తీశాడు. కళ్ళజోడు లేదు, డబ్బా కూడా చేతిలో లేదు. ఎనభై ఒకటి నుంచి ఆయనకది కంఠతా వచ్చు. ప్రార్థన చెప్పినట్టే చెప్పాడు: "ఇంజనులోని పాత ఆయిలును పూర్తిగా తొలగించి, కొత్త ఆయిలు నింపిన పిమ్మట మాత్రమే ఒక డబ్బా కలుపవలెను. ఈ విధముగా నెలకొకసారి చేయవలెను."

"మీరు అలాగే చేశారా?"

"రాసుంది కదా మరి."

"ప్రతి నెలా? ఆయిల్ మొత్తం తీసేసి?"

"ముప్పై ఎనిమిదేళ్ళు. మీరంతా ఆరింటికి వచ్చేలోపే మార్చేసేవాణ్ణి, చౌకు రాళ్ళ మీద ఆ మరక ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు?"

ఒతోనియెల్ కాఫీ కప్పు అరుగు మీద పెట్టాడు. "ఈ వరసలో పదిమంది ఆయిల్ తగ్గితే పోస్తారు. మార్చరు. నేను కొట్టుకుని చెప్పినా ఏడాదికి ఒకసారి మారిస్తే గొప్ప. వాళ్ళ ఇంజన్లలో మడ్డి గరిటెతో తీస్తాను. మీరొక్కరే నెల నెలా మార్చారు. మీ ఇంజన్ని శుభ్రంగా ఉంచింది ఆ ఆయిల్ మార్చడమండీ. రింగులంటారా, అవి ఎలాగూ ఒకనాటికి అరుగుతాయి. డబ్బా పోసినా, పొయ్యకపోయినా ఇంతే."

గిల్దార్దో టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. చౌకులో ఏడో నంబరు బయల్దేరి, మలుపు తిరిగి, కనపడకుండా పోయింది.

"కానీ కొంపాద్రే," అన్నాడు చివరికి, "మార్చమని నాకు చెప్పింది ఎవరు? సింహమేగా. తమరు చెప్పి ఉంటే మార్చేవాణ్ణా?"

ఒతోనియెల్ కాఫీకి డబ్బులిచ్చాడు, ఇద్దరికీ.

ఆగస్టు మొదటి శనివారం పొద్దున్న ఆరు గంటలకి చౌకులో జనం చేరారు. వరసలో ఉన్న పదకొండు జీపుల్లో ఏడు జీపుల బానెట్లు లేచి ఉన్నాయి, ఏడుగురు డ్రైవర్లూ టోపీలు తీసి నిలబడి, తలో సింహం డబ్బా వంచారు. గిల్దార్దో జీపు వెయ్యి కిలోమీటర్లు ఇంకా తిరగలేదు కాబట్టి ఆయన డబ్బా మూత తియ్యలేదు.

ఆ రోజు ఆయిల్ మార్చింది ఆయనొక్కడే.